ఎరువు తెచ్చుకున్న పల్లవి

"ఎరువు సొమ్ము బరువు చేటు" అన్నారు పెద్దలు. పొరుగింటి నగ పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినవారికి ఆ బరువు ఎటువంటిదో తెలుస్తుంది. పాట విషయంలో కూడా ఈ మాట నిజమేనా అని చాలాకాలంగా నాలో నేనే తర్కించుకుంటున్నాను. దీనికి కారణం ర్యాప్ పాటలు. పాత రాక్, పాప్ గీతాల నుంచి ఒక పాదాన్నో పల్లవినో తెచ్చుకుని, దాని చుట్టూ తమ మాటలు అల్లుకోవడం ఆ గాయకులకు తొలినాళ్ళ నుంచీ ఉన్న అలవాటు. "సొంతంగా ఒక పల్లవి కట్టుకోలేనివాడు కవి ఎలా అవుతాడండీ?" అని సాహిత్యాభిమాని అయిన మిత్రుడొకరు నన్ను నిలదీశారు. ఆయనకు నోటితో చెప్పలేని సమాధానం ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఈ అలవాటు పుట్టుక గురించి. 1970లలో న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో డీజేలు ఒకే రికార్డు ప్రతులు రెండింటిని పక్కపక్కన తిప్పుతూ, పాటలో దరువు ఒక్కటే మిగిలే ఆ కొద్ది క్షణాలను మళ్ళీ మళ్ళీ వినిపించేవారు. మైకు పట్టుకున్నవాడు ఆ దరువు మీద మాటలు చెప్పేవాడు. అంటే ర్యాప్ పుట్టడమే పాత పాట ఒడిలో పుట్టింది. రన్-డీఎంసీ వారు ఏరోస్మిత్ బృందపు 'వాక్ దిస్ వే' (1975) రికార్డులో మొదటి దరువును మాత్రమే వాడుకునేవారు. ఆ బృందం పేరేమిటో కూడా వారికి సరిగా తెలియదట! నిర్మాత రిక్ రూబిన్ ప్రోద్బలంతో 1986లో పాత మాటలతో సహా మొత్తం పాటను వారు పాడారు. ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్, గిటారిస్టు జో పెర్రీ వచ్చి వారితో కలిశారు. పాత పాట అమెరికా పట్టికలో 10వ స్థానం దగ్గర ఆగితే, కొత్తది 4వ స్థానానికి చేరింది.

ఈ చరిత్ర ఏదీ తెలియని వయసులోనే నాకొక ఎరువు పల్లవి తారసపడింది. ఇంజనీరింగు చదివే రోజుల్లో హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడికి పఫ్ డాడీ పాట 'ఐల్ బీ మిస్సింగ్ యూ' ప్రాణం. 1997 మార్చి 9న లాస్ ఏంజెలెస్‌లో హత్యకు గురైన ర్యాప్ గాయకుడు నొటోరియస్ బీ.ఐ.జీ. స్మృతికి కట్టిన పాట అది. పల్లవి పాడినది చనిపోయినవాడి భార్య ఫెయిత్ ఎవాన్స్. మరుసటి ఏడాది సెలవులకు ఇంటికి వెళ్తూ నా మిత్రుడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. అంత్యక్రియలు చూసి వచ్చిన రాత్రి, ఎవరో వాడి టేప్‌రికార్డరులో ఉన్న క్యాసెట్టును అలాగే మోగించారు. ఎనిమిదిమందిమి గోడకి ఆనుకుని కూర్చున్నాము. ఇరవయ్యేళ్ళ మగపిల్లలం, ఏడవడానికి మాకు మాటలు లేవు. ఆ పాట మా బదులు ఏడ్చింది.

కొన్నేళ్ళ తరువాత అసలు పాట విన్నాను. పోలీస్ బృందం 1983లో విడుదల చేసిన 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్'. అదే గిటారు మెట్టు, అదే బాణీ. కానీ అందులో శోకం లేదు. తనను వదిలి వెళ్ళిన స్త్రీ అడుగడుగునూ కనిపెట్టి చూసే ఒక అసూయాపరుడి గొంతు అది. జనం దాన్ని ప్రేమగీతంగా పొరబడుతున్నారని రచయిత స్టింగ్ స్వయంగా చెప్పాడు. నాకు మనసు చివుక్కుమంది. మేము నిజమని నమ్మిన దుఃఖం ఇంకెవరి అసూయకో తొడిగిన ముసుగా?

చట్టాన్ని అడిగితే జవాబు సూటిగా ఉంటుంది. బిజ్ మార్కీ అనే ర్యాపరు గిల్బర్ట్ ఓ'సలివన్ 1972 నాటి పాట 'అలోన్ అగైన్ (నాచురల్లీ)' నుంచి పియానో వరసనూ పల్లవి మాటలనూ అనుమతి రాకుండానే వాడుకున్నాడు. 1991లో న్యూయార్కు న్యాయమూర్తి కెవిన్ డఫీ దాన్ని చౌర్యమేనన్నాడు. దొంగతనాన్ని నిషేధించే బైబిలు ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టాడు. ఎరువు మాటను ఖండించడానికి ఆయనకూ ఒక ఎరువు మాటే కావలసివచ్చింది చూడండి! బిజ్ మార్కీ తన తరువాతి ఆల్బముకు, 'అరువులన్నిటికీ అనుమతి ఉంది' అన్న అర్థం వచ్చే పేరు పెట్టి నవ్వుకున్నాడు.

మూడేళ్ళకే అమెరికా సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి చూసింది. రాయ్ ఆర్బిసన్ 1964లో పాడిన 'ఓ, ప్రెటీ వుమన్' మొదటి పాదాన్ని తీసుకుని, 2 లైవ్ క్రూ బృందం ఆ పాటను గేలి చేసింది. గేలి చెయ్యాలంటే మూలం గుర్తుకు రావాలి, గుర్తుకు రావాలంటే దాని గుండెకాయను కొంతైనా తీసుకోక తప్పదు అని 1994లో న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. జరుక్ శాస్త్రి గారి పేరడీలు చదివి నవ్వినవారికి ఈ సంగతి కోర్టు చెప్పనక్కరలేదు.

చట్టం చెప్పేది ఎవరి సొమ్ము ఎవరికి చేరాలన్నంతవరకే. పఫ్ డాడీ ముందుగా అనుమతి తీసుకోలేదు. దాంతో ఆ పాట రచనపై వచ్చే రాబడి స్టింగ్‌కు దక్కింది. ఆ ప్రసిద్ధమైన గిటారు మెట్టు వాయించిన ఆండీ సమ్మర్స్ పేరు మాత్రం మూలగీతం రచయితగా లేదు. కనుక చౌర్యం గురించి మాట్లాడేముందు, అసలు సొమ్ము ఎవరిదన్న ప్రశ్న కూడా ఉందన్నమాట.

నాకు కావలసిన జవాబు అవధాన సభలో దొరికింది. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు అసంబద్ధంగానో అనుచితంగానో ఉండే ఒక పాదం ఇస్తాడు. అవధాని దానికి ముందు తన మూడు పాదాలు చేర్చి, అదే పాదానికి సమంజసమైన అర్థం తెప్పిస్తాడు. పాదం తనది కాదని సభకంతా తెలుసు. చప్పట్లు పడేది అర్థం మారినందుకే. ర్యాపరుకు పాదాన్ని ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. ఆ భేదం ఉంది. కానీ పరీక్ష అదే.

ఈ పరీక్షకు స్టీవీ వండర్ పాట 'పాస్టైమ్ పారడైజ్' (1976) మంచి ఉదాహరణ. అది గతంలో బ్రతికేవారిని మందలించే పాట. 1995లో కూలియో శీర్షికలో ఒకే ఒక మాట మార్చి 'గ్యాంగ్‌స్టాస్ పారడైజ్' చేశాడు. మందలింపు కాస్తా, మరుసటి పుట్టినరోజు చూస్తానో చూడనో అనుకునే వీధి కుర్రవాడి ఆత్మవిచారం అయింది. బూతులుండకూడదన్నది స్టీవీ పెట్టిన షరతు. షరతు పాటను పలచన చెయ్యలేదు సరికదా, దానికొక ప్రార్థన గాంభీర్యాన్ని ఇచ్చింది.

అదే పరీక్ష మా హాస్టలు పాటకూ పెట్టి చూశాను. పాత పాటలో చూపు బ్రతికున్నదాని మీద కాపలా. కొత్త పాటలో చూసేది పోయినవాడు, పైనుంచి, చిరునవ్వుతో. బాణీ మారలేదు, చూపు దిశ తిరగబడింది. వదలలేనివాడి నిఘా కాస్తా, వదిలి వెళ్ళినవాడి ఆశీస్సు అయింది. సమస్య పూరింపబడింది! 1997 సెప్టెంబరులో ఎంటీవీ పురస్కారాల వేదిక మీద స్టింగే వచ్చి వారితో గొంతు కలిపాడు. పఫ్ డాడీ, అనగా షాన్ కోంబ్స్, 2025లో న్యూయార్కు న్యాయస్థానంలో రెండు నేరాలలో దోషిగా తేలాడు. ఆయన మీద నాకు గౌరవం మిగలలేదు. పాట మాత్రం ఆయనది అనిపించలేదు. స్టింగ్ నుంచి ఆయన, ఆయన నుంచి మేము తీసుకున్నాము. మా మిత్రుడి దాకా వచ్చాక అది ఇక ఎవరికీ తిరిగి ఇవ్వవలసిన నగలా అనిపించదు.

ఎమినెమ్ ఈ సంగతి నాకంటే బాగా గ్రహించాడు. ఏరోస్మిత్ పాట 'డ్రీమ్ ఆన్' (1973) పల్లవి మీద కట్టిన 'సింగ్ ఫర్ ద మోమెంట్' (2002)లో అతడు చెప్పేది, ఏ ఆధారమూ లేని పిల్లలు ఇతరుల పాటలను పట్టుకుని ఎలా నిలదొక్కుకుంటారన్నదే. అందులో గిటారు వాయించినది ఆ పాత జో పెర్రీయే.

నన్ను నిలదీసిన మిత్రుడికి నా జవాబు ఇంతే. పల్లవి ఎక్కడిదన్నది రెండో ప్రశ్న. తెచ్చినచోటి అర్థంతోనే మిగిలిందా, కొత్త ఇంట కొత్త అర్థం తెచ్చుకుందా అన్నది మొదటి ప్రశ్న. ఇటువంటి పల్లవులు మీకు తెలిసినవి ఉంటే చెప్పండి, కలిసి విందాము.