తలుపు పైకి లేచే కారు

ఆదివారం తెల్లారగట్ల కారిమంగలం దగ్గర పెద్దరోడ్డు పక్కన నిలబడితే, వచ్చే కారేదో కంటికంటే ముందు చెవికే తెలుస్తుంది. బెంగళూరు నుంచి ఏర్కాడు కొండకో, ఇంకా కిందికో పోయేవాళ్ల కార్లు ఆ వేళకు వరసగా దిగుతాయి. పోర్షాది ఒక గొంతు. మస్టాంగ్‌ది మరో గొంతు, ఎనిమిది సిలిండర్లది. మా తుంబలహళ్లి డ్యాములో నీళ్లు వదిలినప్పటి హోరులాగా అడుగు నుంచి వస్తుంది. ఆ గొంతుల కోసమే వారం వారం చీకటితో లేచి, బండి మీద అక్కడి టీకొట్టుకు పోతాను. అలాంటిది, మొన్న ఒక ఎర్ర కారు చప్పుడే లేకుండా వచ్చి మా బెంచీ ముందు ఆగేసరికి ఒళ్లు జల్లుమంది.

అది ఎంజీ సైబర్‌స్టర్. 2025 జులైలో మన దేశంలో అమ్మకానికి పెట్టారు. రెండే సీట్లు, మడిచేసుకునే గుడ్డ టాపు, పూర్తిగా కరెంటు బండి. ముందు చక్రాలకొక మోటారు, వెనక చక్రాలకొక మోటారు, 77 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, 510 పీఎస్ శక్తి. నిలబడ్డ చోటి నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 3.2 సెకండ్లు అని కంపెనీ లెక్క. బటన్ నొక్కితే తలుపులు కత్తెరలాగా పైకి లేస్తాయి. అవి లేవడం చూసి టీ కాచే అక్క, చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని, "పందెంకోడి రెక్కలెత్తినట్టుందే" అంది. ఆ కారు రూపం గురించి నేను చదివిన మాటలన్నిటికంటే ఆ మాటే నాకు నచ్చింది.

మా బాబాయి మాత్రం రెక్కల వంక చూడలేదు. ముప్పై ఏళ్లు పాలక్కోడు టమోటా క్రేట్లు లారీలో సేలం దాటించిన మనిషి. వంగి చక్రాల సందులోకి చూసి, "ఉరకడం సరే, ఆగుతుందా?" అన్నాడు.

ఈ రోడ్డు తెలిసినవాళ్లు మొదట అడిగే ప్రశ్న అదే. ధర్మపురి దాటి సేలం వైపు పోతే తొప్పూరు ఘాటు వస్తుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే లారీలకు సగం దారిలోనే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అక్కడ ఎన్ని ప్రాణాలు పోయాయో మా వైపు ఇంటింటికీ తెలుసు. ఆ వాలు మీద 3.2 సెకండ్ల లెక్కతో పనిలేదు. సైబర్‌స్టర్ బరువు దగ్గర దగ్గర రెండు టన్నులు. స్పోర్ట్స్ కారుకు అది చాలా బరువు. దానికి బ్రెంబో బ్రేకులున్నాయి. అంతకంటే ముఖ్యం, కాలు తీయగానే మోటారే జనరేటరై, బండిని వెనక్కి పట్టుకుంటూ కరెంటు పుట్టిస్తుంది. నేనిది వివరిస్తే బాబాయి తలాడించలేదు. "దిగి చూస్తేగాని చెప్పలేం" అన్నాడు.

ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకుకు రూపమే ముఖ్యం. వెనక దీపాలు బాణం గుర్తుల్లా ఉండటం వాడికి నచ్చలేదు, "ఇండికేటరు వేసి మరిచిపోయినట్టుంది మామా" అన్నాడు. ముందువైపు మాత్రం వాడికీ నాకూ ఒకే అభిప్రాయం. పొడవాటి బానెట్టు, గుండ్రని దీపాలు, నేలబారు నడుము చూస్తే పాత ఎంజీబీ గుర్తుకొస్తుంది. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో ఐదు లక్షలకు పైగా తయారైన బండి అది. మామూలు జీతగాళ్లు కొనుక్కుని, టాపు తీసి, గాలి తగిలించుకుంటూ తిరిగారు. ఇప్పుడా పేరు చైనా వాళ్ల చేతిలో ఉంది. గీతలో ఆ వంశం పోలిక మిగలడం నాకు సంతోషమే.

గొంతు లేకపోవడం మాత్రం నాకు లోటు. 2023 ఫిబ్రవరి 11న ఇదే 44వ నంబరు రోడ్డు పట్టుకుని, హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం చూడటానికి పోయాను. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కార్లు ఈలలాంటి సన్నని కూతతో దూసుకుపోతుంటే వేగం కంటికి అందింది, ఛాతీకి అందలేదు. బాబాయి కుర్రతనంలో నెల్లూరు లోడు దించి తిరిగొస్తూ, మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో లారీ ఆపి, యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద పందేలు చూశాడట. 1990లో శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాకు రాకముందు మద్రాసు పందేలకు చోటు అదే. ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉందంటాడు. ఈ కారును చూసిన పిల్లలకు ముప్పై ఏళ్ల తరవాత చెవుల్లో ఏముంటుందా అని నాకు బెంగ.

ఇక దొరకడం మాటకొస్తే నాకు కోపమే వస్తుంది. 2025లో అమ్మకానికి పెట్టినప్పుడు ధర 74.99 లక్షలు, ముందే బుక్ చేసుకున్నవాళ్లకు 72.49. అమ్మే షోరూములు చెన్నై, బెంగళూరు, హైదరాబాదు లాంటి నగరాల్లో. మన దేశంలో స్పోర్ట్స్ కారు ఇంత దూరపు వస్తువు కానక్కర్లేదు. 1998లో శాన్ స్టార్మ్ అని ఒకటి వచ్చింది. ఫైబర్ గ్లాసు ఒళ్లు, 1149 సీసీ రెనో ఇంజను, అరవై గుర్రాల బలం. చిన్నది, తేలికది, టాపు తీసుకోవచ్చు. పత్రికలో దాని బొమ్మ కత్తిరించి పుస్తకంలో దాచుకున్నాను; అది సైబర్‌స్టర్ ముందు ఉరకలేదు, అయినా మా రోడ్ల మీద సుఖమిచ్చేది అలాంటిదే. 2012 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో దిలీప్ ఛాబ్రియా చూపించిన అవంతి, సీట్ల వెనక ఇంజనుతో, మరీ అందంగా ఉండింది. రెండూ నిలవలేదు. 510 పీఎస్ వద్దు, వంద చాలు. ధర్మపురిలో సర్వీసు దొరకాలి, స్పీడ్‌బ్రేకరుకు అడుగు తగలకూడదు. ఇలాంటి బండి అడిగేవాళ్లు మా బెంచీ మీదే నలుగురున్నారు.

టీ తాగి కారాయన బయల్దేరుతుంటే బాబాయి దగ్గరికి పోయి, తొప్పూరులో బ్రేకు సంగతి గమనించి చెప్పమని అడిగాడు. ఆయన నవ్వి సరేనన్నాడు. మాట కోసం ఎవరాగుతారని మేం అనుకున్నాం. పొద్దు వాలే వేళకు, టాపు తెరిచి, ముఖం ఎర్రగా కమిలి, ఆయన తిరిగొచ్చి ఆగాడు. ఘాటు దిగేటప్పుడు బ్రేకు పెడలు తొక్కాల్సింది రెండు మూడు సార్లే, కొండ దిగినంతసేపూ బ్యాటరీ శాతం తగ్గలేదు అన్నాడు.

బాబాయి కాసేపు మాట్లాడలేదు. "మేం లైనింగుల్లో కాల్చి పారేసిందంతా ఇది దాచుకుంటోంది" అని, కారు బానెట్టు మీద చెయ్యి ఆనించి అడిగాడు: "లారీలకు ఎప్పుడొస్తుంది సార్ ఇది, మా వైపు?"