బరువైన మనిషికి బలమైన చక్రము

లావుగా ఉన్నవారు రేసు సైకిలు తొక్కవచ్చునా అని మా సంఘములో కొందరు అడుగుతూ ఉంటారు. వారు అడగడానికి కారణము మేమే. మా బరువు 104 కిలోలు. ఇంటింటికి దర్శనములకు వెళ్లే పాస్టరుకు బరువు తగ్గడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. టిఫిను వద్దంటే ఆ ఇంటివారు నొచ్చుకుంటారు. షుగరు వచ్చిన తరువాత డాక్టరుగారు నడవమన్నారు, మోకాళ్లు ఒప్పుకోలేదు. అయితే సైకిలు తొక్కండి అన్నారు. హైదరాబాదులోని మా తమ్ముడు తాను వాడని రేసు సైకిలును పంపించాడు.

రెండు నెలల్లో వెనుక చక్రపు స్పోకులు మూడుసార్లు తెగాయి. మూడవసారి షాపులో, "అయ్యగారూ, తప్పు సైకిలుది కాదండి, మీ ఒంటిది" అన్నారు. అక్కడ నిలబడినవారు నవ్వారు. ఇటువంటి ఒక్క మాటకు సైకిలును మూలన పెట్టేసినవారు ఎందరో ఉంటారు. మాకైతే షుగరు ఉన్నది గనుక మానడానికి వీలు లేకపోయింది. పైగా ఆ మాట నిజము కాదు.

మన ఊళ్లలో పాలు పోసేవారి పాత సైకిలు చూడండి. మనిషి, రెండు క్యాన్లు కలిపితే మా బరువును సులభముగా దాటిపోతుంది. అయినను ఆ చక్రము సంవత్సరాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఆ పాత రకము సైకిలుకు ముందు 32, వెనుక 40 స్పోకులు ఉంటాయి. మా తమ్ముడు పంపిన దానికి ముందు 20, వెనుక 24.

ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. ఎడ్లబండి చక్రములో బరువు క్రింది ఆకు మీద నిలబడుతుంది, అది కర్ర గనుక మోస్తుంది. సైకిలు స్పోకు సన్నని తీగ. నిలబెట్టి నొక్కితే వంగిపోతుంది. దానికి లాగి పట్టుకొనడమే తెలుసు. అన్ని స్పోకులు రిమ్మును లోపలికి బిగించి లాగుతాయి. చక్రము తిరిగేటప్పుడు నేలవైపుకు వచ్చిన స్పోకుల బిగువు కొంత తగ్గి, పైకి వెళ్లగానే మరల బిగుస్తుంది. కిలోమీటరుకు ఇంచుమించు 470 సార్లు ఇలా జరుగుతుంది. బిగువు ముందే చాలకపోతే స్పోకు ప్రతి చుట్టుకు వదులై, హబ్బు దగ్గరి వంపులో ఆడి ఆడి అలసి తెగుతుంది. బరువు ఒక్కసారిగా తెంచడం కాదు. బిగువు తక్కువైన చక్రము, స్పోకులు తక్కువైన చక్రము, ఈ రెండే అసలు దోషులు.

కాబట్టి 90 కిలోలు దాటినవారు వెనుక చక్రమునకు 32 స్పోకులకు తక్కువ తీసుకొనవద్దు. నూరు దాటితే 36 మేలు. సగము కంటె ఎక్కువ బరువు వెనుకనే పడుతుంది గనుక డబ్బు చాలకపోతే ముందు వెనుక చక్రమే మార్చండి. 12 స్పోకులు పెరిగితే సైకిలుకు కలిసే బరువు నూరు గ్రాములు కూడా ఉండదు. రెండు ఇడ్లీలు మానితే సరి! ఒక్కొక్క స్పోకు మరి మూడింటిని దాటేలా అల్లినది అడగండి. మధ్యలో సన్నగా, రెండు కొనల దగ్గర లావుగా ఉండే స్పోకులు చూడడానికి బలహీనముగా కనబడతాయి గాని, కొంచెము సాగే గుణము వలన వంపు దగ్గర తెగకుండా ఎక్కువ కాలము వస్తాయి. నిపిల్సు ఇత్తడివి కావాలి. చక్రము తయారుచేసినవారు ఎంత బరువు వరకు అని వ్రాశారో చదవండి, మీ సంచి, నీళ్ల సీసాలు కూడా లెక్కలో కలపండి. ఫోర్కులో చోటుంటే 28 లేక 32 మిల్లీమీటర్ల టైరు వేసుకోండి. గుంతల దెబ్బ చాలావరకు అదే మింగేస్తుంది. ఖరీదైన కార్బను రిమ్ము మన వంటివారికి అవసరము లేదని మా అభిప్రాయము.

మా క్రొత్త చక్రము 36 స్పోకులది. దానిని అల్లిన మేస్త్రి ఒకే వైపు స్పోకులను వేలితో వీణలాగ మీటుతూ, ధ్వని ఒకేలా వచ్చేవరకు బిగించాడు. వెనుక చక్రములో పళ్ల చక్రాలున్న కుడివైపు స్పోకులు ఎక్కువ బిగువుగా, ఎడమవైపువి తక్కువగా ఉంటాయి గనుక రెండు వైపులను ఒకదానితో ఒకటి పోల్చకూడదట. మూడు వందల కిలోమీటర్లు తిరిగాక తీసుకురమ్మని చెప్పి, మరల బెండు తీసి ఇచ్చాడు. సంవత్సరము దాటింది, ఒక్కటి తెగలేదు.

ఒకవేళ దారిలో తెగితే భయపడవద్దు. తెగిన ముక్కను ప్రక్క స్పోకుకు చుట్టి, రిమ్ము రాసుకుంటే ఆ బ్రేకును కొంచెము వదులు చేసి, మెల్లగా ఇల్లు చేరండి. 24 స్పోకుల చక్రమైతే మాత్రము దిగి నడిపించుకొని రావడమే క్షేమము.