పెద్దమ్మతో వాడపల్లికి

డాలస్ నుంచి అక్క తెచ్చిన కలశం అందంగా ఉంది. అక్కడెవరో చేత్తో చేసిన సిరామిక్ పాత్ర, నీలిరంగు నిగనిగ. పెద్దమ్మ మాత్రం అందులో లేదు. లోపలున్నది ఎక్స్‌రేలో కనబడకపోతే అమెరికా విమానాశ్రయంలో ఆపేస్తారని తెలిసి, బూడిదను ప్లాస్టిక్ పెట్టెలోనే ఉంచి చేతిసంచిలో తెచ్చింది. కలశం ఖాళీగా సూట్‌కేసులో వచ్చింది. అక్కడ దహనమయ్యాక ఎముకల్ని మరపట్టి పొడి చేసి ఇస్తారు. మనం శ్మశానంలో మూడోరోజు ఏరుకునే అస్థికల్లా ఉండవు.

"ఏదైనా సరే, కొత్త కుండ పట్టుకురండి" అన్నారు పంతులుగారు ఫోన్లో.

దిల్‌సుఖ్‌నగర్‌లో కారు ఆపడమే ఒక సాహసం. నెత్తిన మెట్రో, రోడ్డు నిండా కోచింగ్ పిల్లలు. చైతన్యపురి వైపు ఒక సందులో కుండలు దొరికాయి. అమ్మే ఆమెకు మేం అడిగిన తీరులోనే అర్థమైంది. రంగులేసినవి పక్కకు జరిపి, వట్టి కుండ తీసి వేలితో కొట్టింది. ఖంగుమంది. ఇలాంటివాటికి బేరమాడరు.

ఆ దగ్గర్లోనే కోసగుండ్ల నరసింహస్వామి గుట్ట. గోవిందరాజ విహారాన్ని పేర్కొనే విష్ణుకుండినుల నాటి ప్రాకృత శాసనం అక్కడే ఉంది. పక్కన మూసీ. ముక్కు మూసుకుని దాటుతామే, వాడపల్లిలో కృష్ణలో కలిసేది ఆ నీళ్లే!

ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డెక్కాం. నార్కట్‌పల్లిలో మళ్లి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా వెళ్లాం. పెట్టె అక్క ఒళ్లో, కుండ నా కాళ్ల మధ్య. టీకి ఆగినా అక్క దిగలేదు.

సంగమం దగ్గర పంతులుగారు పొడిని కుండలోకి వంపించి, మూతికి తెల్లగుడ్డ కట్టించారు. "మట్టి మట్టిలో కలుస్తుంది" అన్నారు. నిజానికి కాల్చిన మట్టి అంత తేలిగ్గా కలవదు. పురావస్తు శాఖవాళ్లు బతికేదే కుండపెంకుల మీద. ఇదే కృష్ణ మీద ఎగువన, నాగార్జునకొండ మహాచైత్యం తవ్వకాల్లో లాంగ్‌హర్స్ట్‌కు దొరికిన అస్థిధాతువు బంగారు బరిణెలో ఉంది, అది వెండి పేటికలో, ఆ పేటిక మట్టికుండలో. కుండ పగిలిపోయింది గానీ పెంకులు మిగిలాయి.

అక్క వెంట తెచ్చిన కలశాన్ని కూడా నీళ్లలో వదలబోయింది. పడవతను అడ్డుకున్నాడు. "అది వెయ్యకమ్మా, వలలు తెగుతయ్."

"మరి ఇంట్లో పెట్టుకోవచ్చా పంతులుగారూ?"

"అందులో ఏమీ వెయ్యలేదుగా తల్లీ, ఖాళీదానికి మైలేమిటి?"