నాయన కర్రకి ఒక అడుగు పొడుగు

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రతివాడి ఇంట్లోనూ కొని వాడని వస్తువులు కొన్ని ఉంటాయి. గిటారు, ట్రెడ్‌మిల్, పెద్ద కెమెరా... నా మటుకు నాకు ఒక జత ట్రెక్కింగ్ కర్రలు. వాటితో ఖిల్లా ఘనపురం కోట రెండుసార్లు ఎక్కాను, నల్లమలలో సలేశ్వరం లోయలోకి ఒకసారి దిగాను. ఆ తర్వాత అవి అటకెక్కాయి. మళ్ళీ వాటికి పని దొరికింది కొండల్లో కాదు, వనపర్తి దగ్గర మా వేరుశనగ చేలో.

సంగతేమిటంటే, మా నాయనకి డెబ్భై దాటాయి. కుడి మోకాలు మార్పించాం. డాక్టరు కర్ర పట్టుకుని నడవమన్నాడు. "కట్టె పట్టుకోనీకి నేనేమన్న ముసలోన్నా?" అని ఈయన. ట్రెక్కింగ్ కర్ర చేతికిచ్చాక మాత్రం మారుమాట లేదు. చూడ్డానికి మిషన్‌లా ఉంటుంది కదా, ముసలితనం ఖాతాలోకి రాదు :)

అంతవరకూ బాగానే ఉంది. యాసంగి వేరుశనగ కాయ ఊరే వేళకి అడవి పందులు దిగుతాయి. తినేది కొంచెం, తవ్వి పాడుచేసేది ఎక్కువ. రాత్రి కాపలా లేకపోతే పంట మీద ఆశ వదులుకోవడమే. ఆ బాధ పడలేక కొందరు చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడతారు. అది నేరమన్న సంగతి అలా ఉంచండి, పందికని పెట్టిన తీగకి పక్కచేను మనిషే పోయాడన్న వార్త తెలంగాణలో ఎన్నిసార్లు చదవలేదు మనం? నాయన కరెంటు జోలికి పోనన్నాడు, చేను కాడే పండుకుంటానన్నాడు. ఇంట్లో అందరం వద్దన్నాం. వినే మనిషైతే ఈ టపా ఉండేది కాదు. మంచె ఎక్కే మోకాలు కాదది. ఇక మిగిలింది నేల మీద నులక మంచం, పైన టార్పాలిన్.

"నాలుగు గుంజలు పాతితే పోయేదానికి ఇంత కథెందుకు?" అంటారేమో. మా చెల్క మూడు ముక్కలు. పందులు ఈ వారం ఇటొస్తే వచ్చే వారం అటు. మంచం జరిగినప్పుడల్లా గుంజలు పీకి, గుంటలు తవ్వి, మళ్ళీ పాతడం ఆయన వల్ల కాదు. అదే మంచానికి ఆ పక్కొక కర్ర, ఈ పక్కొక కర్ర నిలబెట్టి, టార్పాలిన్‌ని తాళ్ళతో లాగి కట్టేస్తే పది నిమిషాల పని. తెల్లారాక అందులో ఒకటి మళ్ళీ ఆయన చేతిలోకి రావాలి, గట్ల మీద నడవాలి కదా. అంటే రాత్రి గుంజ, పగలు చేతికర్ర.

చిక్కంతా ఎత్తు దగ్గర వచ్చింది. మా మంచం 45 సెంటీమీటర్లు. మనిషి దాని మీద కూర్చుంటే తల దాకా ఇంకో 90. మొత్తం 135. కర్ర పూర్తిగా లాగినా 130. అంటే కూర్చున్న ప్రతిసారీ నెత్తి టార్పాలిన్‌కి తగలడం, అడుగున పట్టిన మంచు తడి నెత్తిన పడడం. వంగి దూరడం, వంగే లేవడం మోకాలికి ఇంకో శిక్ష. 160 ఉంటే సుఖం. కావాల్సింది 30 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు.

గొట్టం ముక్క తొడిగితే సరి. ఏ గొట్టం అన్నదే ప్రశ్న. అందరూ ముందు చెప్పేది కరెంటు పనివాళ్ళ పీవీసీ పైపు. చవక, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. లెక్క వేసి చూశాను. 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, గోడ ఒకటిన్నర మిల్లీమీటర్లు అనుకుంటే, అర మీటరు ముక్క 60 గ్రాముల చిల్లర. బయటి కొలత 18, గోడ 1 మిల్లీమీటరు ఉన్న అల్యూమినియం గొట్టం అంతే పొడుగుకి 72 గ్రాములు. బరువులో పెద్ద తేడా లేదు. వంగకుండా నిలబడే శక్తిలో మాత్రం పీవీసీది సుమారు పన్నెండో వంతు! పైగా ఎండకి ఇంకా మెత్తబడుతుంది. ఇనుప గొట్టం అల్యూమినియానికి మూడింతలు గట్టి, మూడింతలు బరువు, 210 గ్రాములు. గాలికి ఊడి అర్ధరాత్రి నాయన మీద పడితే? వద్దు. ఇక కార్బన్ ఫైబర్, మనవాళ్ళకి మహా మోజు. అదే కొలతకి 43 గ్రాములుంటుంది. ఆ 30 గ్రాముల కోసం డబ్బు పోసి తెప్పించుకుని, దానికి డ్రిల్లింగ్ మిషన్‌తో రంధ్రం వేస్తే అక్కడే పీచులు లేచి చీలడం మొదలవుతుంది. బైకు మీద సంచిలో పోయే సామానుకి ఆ సోకు అనవసరం.

వెదురుని తక్కువ చేయను. నిలువు గుంజగా వెదురుని మించింది లేదు. కానీ కర్రకి తొడుగుగా పనికిరాదు. లోపలి బోలు ఒక్కో కణుపుకీ ఒక్కో కొలత, మూతి దగ్గర ఒత్తిడి పడితే నిలువునా చీలుతుంది.

ఇంటి మీద దూరదర్శన్ కాలం నాటి యాంటెన్నా ఇంకా ఉంది. దాని మధ్య గొట్టం అల్యూమినియమే! ఎగిరి గంతేసి కొలిస్తే లోపలి వెడల్పు 22. మా కర్ర కింది ముక్క 14. డోలు వాయించుకోవచ్చు. ఆఖరికి ఊళ్ళో అల్యూమినియం కిటికీలు, పార్టిషన్లు చేసే షాపులో కోసి పడేసిన ముక్కల్లో సరిపోయేది దొరికింది. లోపల 16.

గొట్టం ఏ లోహం అన్నదానికంటే కర్ర దాంట్లో ఎంత లోతు కూర్చుంది, ఎంత బిగువుగా కూర్చుంది అన్నదే ముఖ్యం. (లైబ్రరీ ఎంత గొప్పదైనా ఇంటర్‌ఫేస్ కలవకపోతే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా.) జాయింటులో ఒక మిల్లీమీటరు వదులుండి, కర్ర 3 సెంటీమీటర్లే లోపలికి వెళ్ళిందనుకోండి, పైకొస నాలుగు సెంటీమీటర్లు పక్కకి వాలుతుంది. 12 సెంటీమీటర్లు వెళ్తే ఒక్కటే. వాలిన కర్ర మీద బరువు పడితే ఇంకా వాలుతుంది, అలా అలా కూలుతుంది. మామూలుగానే 130 కర్రని 160 చేస్తే, మిగతావన్నీ అలాగే ఉన్నా, వంగకుండా మోసే బరువు మూడో వంతు తగ్గిపోతుంది. పొడుగు రెట్టింపైతే బలం నాలుగో వంతుకి పడిపోతుందని ఆయిలర్ మహాశయుడు 18వ శతాబ్దంలోనే చెప్పాడు. జాయింటు కూడా వదులైతే ఇంకేముంది.

ఇక్కడొక కిటుకుంది. కర్ర చివర ప్లాస్టిక్ ముక్కు కిందికి సన్నబడుతూ వస్తుంది, అది గొట్టాన్ని పట్టదు. దాన్ని లెక్కలోంచి తీసేయాలి. అందుకే 30కి ఇంకో 20 కలిపి అర మీటరు కోయించాను. కర్రకి రెండు చోట్ల టేపు చుట్టి వదులు తీసేశాను. కింద నుంచి 30 దగ్గర అడ్డంగా సన్న బోల్టు, దాని మీద చిన్న కొయ్య బిరడా. కర్ర ముక్కు వచ్చి ఆ బిరడా మీద కూర్చుంటుంది. కోసిన మూతులు ఆకురాయితో నున్నగా రాయించాలి, లేకపోతే నాయన వేళ్ళు తెగుతాయి. అడుగున కుర్చీ కాళ్ళకి తొడిగే రబ్బరు బుడిపె, దాని కింద ఒక బండ పెంకు. నీళ్ళు పారిన చెల్కలో పలచటి గొట్టం ఊరికే పెడితే చాకులా దిగిపోతుంది, రాత్రికి రాత్రే అడుగు ఎత్తూ మాయం.

నాయన చుట్టూ తిరిగి చూశాడు. తాడు లాగాడు, కర్ర ఊపాడు. "ఊగుతలేదు గానీ, దీనికి ఎంతైంది?" అన్నాడు. ముక్కలు తూకం లెక్కన ఇచ్చారని చెప్పాక అప్పుడు కూర్చున్నాడు.

రెండు షరతులు పెట్టాను. ఒకటి, ఉరుము వినిపిస్తే టార్పాలిన్ సంగతి వదిలేసి ఇంటికి రావాలి. మైదానంలో ఈ నీడ పిడుగు నుంచి కాపాడదు. రెండోది అసలైంది. చీకట్లో పంది అలికిడైతే మంచం దగ్గరే ఉండి టార్చి కొట్టాలి, డబ్బా మోగించాలి, అంతేగానీ కర్ర పట్టుకుని గట్టు దాటి పక్క చేలోకి పోకూడదు. ఎవరు ఎక్కడ తీగ లాగారో తెలియదు, చేతిలో ఉన్నది అల్యూమినియం. మొదటిదానికి సరే అన్నాడు. రెండోదానికి "నాకు తెల్వదారా" అన్నాడు. అందుకని రోజూ రాత్రి పదింటికి ఫోన్ చేసి మళ్ళీ చెబుతున్నాను.

గద్వాల నుంచి బావ వచ్చి చూసి, విత్తన పత్తి చేలో క్రాసింగుకి వచ్చే కూలోళ్ళకి మధ్యాహ్నం నీడగా బాగుంటుంది, నాలుగు చేయించు అన్నాడు. ఆయన కొన్నది వేరే కంపెనీ కర్రలు, కింది ముక్క 12 మిల్లీమీటర్లే. వచ్చే శనివారం మళ్ళీ ఆ షాపుకి వెళ్ళాలి.