అక్షరాలా నీళ్లపాలు!

మిషిగన్‌లో ఉండే మా బావకి మోటారు పడవంటే ప్రాణం. ఇంజిన్ షెవర్లే 454, అంటే 7.4 లీటర్లు. అదీ చాలదని, రెండేళ్లు దాచిన డబ్బుతో పెద్ద పోర్టుల సిలిండర్ హెడ్లు, రేసు కామ్‌షాఫ్ట్ వేయించాడు. నేను వెళ్లిన రోజే అందరం బయల్దేరాం. సరస్సు మధ్యలో నెమ్మదించగానే ఇంజిన్ దగ్గి ఆగిపోయింది.

మెకానిక్ ప్లగ్గులు విప్పితే సిలిండర్లలో నీళ్లు! రేసు కామ్ ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వుల్ని రెంటినీ ఎక్కువసేపు ఒకేసారి తెరిచి ఉంచుతుంది. నెమ్మదిగా నడిపితే, ఎగ్జాస్ట్‌ని చల్లబరిచే నీరు వెనక్కి లాక్కుంటుంది.

"పెద్ద హెడ్లు ఎక్కువ ఆర్‌పీఎంలోనే పనికొస్తాయి. మీరెప్పుడైనా అంత తిప్పారా?" అనడిగాడాయన. బావ తల అడ్డంగా ఊపాడు.

ఇప్పుడు ఓవల్ పోర్టు హెడ్లు, మామూలు కామ్. పడవ హాయిగా నడుస్తోంది. పొదుపు మాత్రం, అక్క అన్నట్టు, అక్షరాలా నీళ్లపాలు.