పాలపుంత నడుమనున్న చీకటి



పాలపుంత మధ్యలో ఒక మహా కృష్ణబిలం ఉందని, అది అన్నిటినీ లోపలికి లాగేసుకుంటోందని, ఒకరోజు మన భూమి కూడా అందులో పడిపోతుందని చెప్పే వీడియోలు ఈమధ్య మనవారి ఫోన్లకు చాలా వస్తున్నాయి. పెద్దవారిలో కొందరు భయపడుతున్నారు. గ్రంథంలో చెప్పిన అగాధం ఇదేనా అని మమ్మును అడిగినవారూ ఉన్నారు. కాలేజీకి వెళ్లే పిల్లలేమో పెద్దలు ఏం జవాబిస్తారా అని చూస్తున్నారు. భయపెట్టి మోకరింపజేయడం సులువే. కానీ నిజం కాని మాట మీద కట్టిన భక్తి, ఆ పిల్లవాడు పాఠ్యపుస్తకం తెరిచిన రోజున కూలిపోతుంది. అందుచేత ఆ కృష్ణబిలాన్ని గూర్చి తెలిసిన సంగతులనే ఈసారి ధ్యానిద్దాము.

మొదటిగా, అది నిజంగానే ఉంది. వేసవి చివరన, వానాకాలంలో మబ్బు లేని రాత్రి దక్షిణం వైపు చూస్తే ధనూరాశి నక్షత్రాలు కనిపిస్తాయి. పాలపుంత నడిబొడ్డు ఆ దిక్కునే, సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా ఘెజ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేర్వేరు బృందాలతో ఏళ్ల తరబడి అక్కడి నక్షత్రాల కదలికను గమనించారు. ఎస్2 అనే నక్షత్రం 16 ఏళ్లకొకసారి, కంటికి కనిపించని దేని చుట్టూనో తిరిగి వస్తోంది. ఆ వేగాన్ని బట్టి లెక్క వేస్తే, నడుమ ఉన్నది దాదాపు 43 లక్షల సూర్యుళ్ల బరువని తేలింది. 2020 నోబెల్ బహుమతిలో వారిద్దరికీ భాగం దక్కింది. 2022 మే 12న దాని చిత్రం కూడా లోకమంతా చూసింది. చిత్రంలో కనిపించే వెలుగు దాని చుట్టూ ఉన్న వేడి వాయువుది. నడుమ ఉన్నది దాని నీడ.

రెండవదిగా, అది మనలను లాగేసుకోవడం లేదు. కృష్ణబిలానికి దూరం నుండి ప్రత్యేకమైన ఆకర్షణ ఏమీ లేదు. అంతే బరువున్న మరే వస్తువైనా ఎంత లాగుతుందో అదీ అంతే లాగుతుంది. ఒకవేళ మన సూర్యుడే ఈ క్షణాన అంతే బరువున్న కృష్ణబిలంగా మారినా, మనకు వెలుగు, వేడి ఉండవు గాని, భూమి మాత్రం ఇప్పుడున్న దారిలోనే తిరుగుతుంది. దాని నోట్లో పడదు.

పాలపుంత మొత్తాన్ని ఆ కృష్ణబిలమే పట్టి ఉంచుతోందన్న మాట కూడా సరి కాదు. పాలపుంత మొత్తం బరువు సుమారు లక్ష కోట్ల సూర్యుళ్లంత. అందులో 43 లక్షలంటే, పది లక్షల రూపాయలలో నాలుగు రూపాయల లెక్క. నక్షత్రాలు, వాయువు, కంటికి కనిపించని కృష్ణ పదార్థం, ఇవన్నీ కలిసి ఒకదానినొకటి పట్టుకొని ఉన్నాయి. మనకు దగ్గరలోనే ఉన్న ఎం33 అనే గెలాక్సీ నడుమ అటువంటి మహా కృష్ణబిలం ఏదీ కనబడలేదు. అయినా అది చెదిరిపోలేదు.

మరి అది చేసే పని ఏమిటి? ఇక్కడే ఆశ్చర్యం ఉంది ప్రియులారా. దాని వైపు జారే వాయువంతా లోపలికి పోదు. చుట్టూ సుడి తిరుగుతూ, రాపిడికి విపరీతంగా కాగి, వెలుగై, గాలులై, సన్నని ధారలై చాలా భాగం బయటికి చిమ్ముతుంది. ఎం87 అనే గెలాక్సీ నుండి వెలువడే అటువంటి ధారను 1918లోనే హీబర్ కర్టిస్ చూశారు. అది వేల కాంతి సంవత్సరాల పొడవుంది.

ఆ చిమ్మిన వేడి ఏం చేస్తుందో మన వంటింట్లోనే అర్థమవుతుంది. నెయ్యి చల్లారితేనే పేరుకుంటుంది. పొయ్యి పక్కన పెడితే పేరుకోదు. నక్షత్రాలూ అంతే, వాయువు చల్లబడి గడ్డకడితేనే పుడతాయి. పెర్సియస్ గెలాక్సీ గుంపు నడుమనున్న కృష్ణబిలం తన చుట్టూ ఉన్న వాయువులో అలలు లేపుతోందని చంద్ర టెలిస్కోపు ద్వారా 2003లో తెలిసింది. ఒక్కొక్క అలకు సుమారు కోటి ఏళ్లు పడుతుంది. ఆ వాయువు చల్లారకుండా ఉండడానికి ఈ పోటు ఒక ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. కంప్యూటరులో గెలాక్సీలను లెక్క కట్టేటప్పుడు ఈ పనిని వదిలేస్తే, పెద్ద గెలాక్సీలలో నక్షత్రాలు ఉండవలసిన దానికంటే ఎన్నో ఎక్కువ పుట్టుకొస్తాయి. ఆకాశంలో అలా లేదు. ఎక్కువగా పుట్టకుండా ఆపే చెయ్యి ఏదో ఉంది.

అంటే, మింగేదని మనం భయపడేది, ఎక్కువగా చేసే పని బయటికి ఇవ్వడమూ, హద్దు పెట్టడమూ. మన పాలపుంతలోనిదైతే ఇప్పుడు చాలా నెమ్మదిగా ఉంది.

దీనిలో నుండి పెద్ద ఉపమానం లాగాలని మాకు లేదు. కృష్ణబిలం సాతానూ కాదు, దేవదూతా కాదు. అది సృష్టిలో ఒక భాగం. సృష్టిని గూర్చి అబద్ధం చెప్పి సృష్టికర్తను ఘనపరచలేము. భయం పుట్టించే వీడియో వచ్చినప్పుడు వెంటనే పదిమందికి పంపకుండా ఒక్క నిమిషం ఆగుదాము. ఇంట్లో సైన్సు చదివే బిడ్డ ఉంటే, పక్కన కూర్చోబెట్టుకొని, ఇది నిజమేనా అమ్మా, నిజమేనా నాన్నా అని అడుగుదాము. ఆ బిడ్డ చెప్పేది ఓపికగా విందాము. తన చదువుకు మన ఇంట్లోనూ మన మందిరంలోనూ చోటుందని ఆ బిడ్డకు తెలియాలి.

ప్రభువు మీ ఇంటివారందరినీ దీవించును గాక. ఆమేన్.