మత్తు డాక్టరమ్మ

గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊరి ఆస్పత్రి. అక్కడ ఆమెను అందరూ 'మత్తు డాక్టరమ్మ' అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా అదే పని. చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్లలొచ్చినా, కాలిన గాయాలకు కట్టు మార్చాల్సి వచ్చినా ఆమె ముందుగా అందుకునేది కెటమిన్ సీసానే. మత్తిస్తుంది కానీ మామూలుగా ఊపిరి మందగించనివ్వదు, బీపీ పడిపోనివ్వదు. పెద్ద యంత్రాలు లేని చోట దానికి మించిన తోడు లేదు. 1962లో అమెరికాలో కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన మందు. వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికులకూ వాడారు.

ఆ మందే ఒకరోజు తన ఒంట్లోకి ఎక్కుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

జబ్బు ఎప్పుడు మొదలైందో కూడా సరిగ్గా చెప్పలేదు. భర్త మంచివాడు. కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం. ఇల్లు సొంతం. 'నీకేం తక్కువమ్మా?' అని అత్తగారు బాధగానే అడిగేది. డిప్రెషన్ తక్కువలూ ఎక్కువలూ చూసుకుని రాదని వివరించే ఓపిక కోడలికి లేదు. తెల్లారితే మంచం దిగడమే పెద్ద ఆపరేషన్.

మొదటి మందు రెండు నెలలు వాడింది. డోసు పెంచారు. రెండోది మార్చారు. మూడోదానికి లిథియం జోడించారు. ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. అమెరికాలో వేలమంది మీద చేసిన స్టార్-డి అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది మూడోవంతు మందే. సరైన మోతాదులో, సరిపడినన్ని వారాలు రెండు మందులు వాడినా గుణం కనిపించకపోతే దాన్ని మందులకు లొంగని డిప్రెషన్ అంటారు. పేరు పెట్టడం తేలిక, మోయడమే కష్టం.

ఒక సాయంత్రం థియేటర్‌లో మత్తుమందుల బీరువా తాళంచెవి తీసి జూనియర్ చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉంచు బాబూ. నేనడిగినా ఇవ్వొద్దు."

అతను ఎందుకని అడగలేదు. "సరే మేడమ్" అన్నాడు.

ఆ రాత్రే హైదరాబాద్‌లోని చెల్లెలికి ఫోన్ చేసింది. బతకాలని లేదన్న మాట మొదటిసారి నోరు తెరిచి చెప్పింది. "నువ్వు ముందు బయల్దేరు అక్కా, మిగతావి తర్వాత చూద్దాం" అంది చెల్లెలు. ఆ మాట అనగలిగినవాళ్లు ఇంటికొకరుంటే చాలు.

హైదరాబాద్‌లో సైకియాట్రిస్టు రెండు దారులు చెప్పాడు. ఒకటి ఈసీటీ, అంటే కరెంటు చికిత్స. దానికి ఎన్నోసార్లు ఆమే మత్తిచ్చింది. సినిమాల్లో చూపించే భీభత్సం అందులో ఉండదని తెలుసు. రెండోది కెటమిన్. ఈ రెంటినీ పోల్చి 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, భ్రమలూ భ్రాంతులూ లేని రోగులకు కెటమిన్ ఏమీ తీసిపోలేదని తేలింది. జ్ఞాపకశక్తికి ఇబ్బందీ తక్కువే. అయితే అమెరికాలో 2019లో ఆమోదం దొరికింది దీని తోబుట్టువులాంటి ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకే. సెలైన్‌లో కెటమిన్ ఎక్కించడానికి ఆ ముద్ర లేదు. అందుకే బీపీ, గుండె, వ్యసనాల చరిత్ర అన్నీ అడిగి, అంగీకార పత్రం మీద సంతకం తీసుకున్నారు.

కిలోకు అర మిల్లీగ్రాము, నలభై నిమిషాల్లో. ఆమె బరువు అరవై కిలోలు కాబట్టి ముప్ఫై మిల్లీగ్రాములు. ఆ బరువున్న మనిషిని నిద్రపుచ్చాలంటే ఆమె కనీసం అరవై ఇచ్చేది. కాసేపటికి తన చేతులు ఎవరివో అనిపించాయి. చెల్లెలి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. 'తేలిపోతున్నట్టుంది డాక్టరమ్మా' అని పేషెంట్లు చెబుతుంటే ఇన్నేళ్లూ నవ్వి ఊరుకునేది. బీపీ కొంచెం పెరిగి దిగింది. రెండు గంటలు కూర్చోబెట్టి ఇంటికి పంపారు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ, "పప్పులో ఉప్పు వెయ్యలేదేమే?" అని విసుక్కుంది. చెల్లెలు వంటింట్లోకి పోయి ఏడ్చింది. అక్క ఏడాదిన్నరగా ఏం పెట్టినా మాట్లాడకుండా మింగుతోంది మరి.

ఈ వేగమే 2000 సంవత్సరంలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లను ఆశ్చర్యపరిచింది. వాళ్లు చూసింది ఏడుగురు రోగులనే. మామూలు మందులు వారాలు తీసుకునే పనికి ఇది గంటల్లో శ్రీకారం చుట్టింది. మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం దారిలో ఇది పనిచేస్తుంది. ఆ తర్వాత జరిగే వాటి మీద శాస్త్రజ్ఞుల వాదనలు ఇంకా తెగలేదు.

వచ్చినంత వేగంగానూ పోతుంది, అదే చిక్కు. అయిదో రోజుకి పాత బరువు మళ్లీ గుండెల మీదికొచ్చింది. "ఇక నాకింతేనా?" అని అడిగింది. ముందే అనుకున్నట్టు వారానికి రెండు చొప్పున ఆరు సార్లు ఎక్కించారు. అందరికీ పనిచేయదనీ, విచ్చలవిడిగా వాడితే మూత్రాశయం దెబ్బతింటుందనీ, అలవాటు పడే ప్రమాదం ఉందనీ సైకియాట్రిస్టు మొహమాటం లేకుండా చెప్పాడు. 2023లో హాలీవుడ్ నటుడు మాథ్యూ పెర్రీ మరణానికి ప్రధాన కారణం ఈ మందేనని పోస్టుమార్టంలో తేలింది. ఆయన పోయింది ఆస్పత్రిలో కాదు, ఇంట్లో.

ఇప్పుడు మాత్రలు వాడుతోంది, కౌన్సెలింగ్‌కి వెళుతోంది. మనసు మళ్లీ కుంగుతున్నట్టనిపిస్తే హైదరాబాద్ బస్సెక్కుతుంది. పోయిన నెల్లో ఒకసారి వెళ్లింది కూడా. మళ్లీ పూటపూటా థియేటర్‌కి పోతోంది. చెయ్యి విరిగిన పిల్లాడొస్తే పక్కన కూర్చుని, "కాసేపు గాల్లో తేలినట్టుంటుంది నాన్నా, భయపడకు" అని ముందే చెబుతోంది. సీసా మాత్రం జూనియర్ తెచ్చివ్వాలి. తాళంచెవి ఇంకా అతని దగ్గరే ఉంది.